మూడు వందల గ్రెయిన్ల తూటా

తూటా బరువును గ్రెయిన్లలో కొలుస్తారు. గ్రెయిన్ అంటే ఒకప్పుడు ఒక ధాన్యపు గింజ బరువు. మన కంసాలుల గురివింద గింజ దానికి రెట్టింపు కన్నా కొంచెం తక్కువ. మా ఊళ్ళో అందరికీ అర్థం కావాలని ఆ లెక్క కట్టి పెట్టుకున్నాను. రెండు వందల ముప్పై అయిదు గ్రెయిన్ల తూటా అంటే నూట పాతిక గురివింద గింజలు. మూడు వందల గ్రెయిన్లంటే నూట అరవై. తేడా ముప్పై అయిదు గింజలు, గుప్పిట్లో పడతాయి. ఆ గుప్పెడు తేడా మీద నా కోపం ఇంకా తగ్గలేదు.

మాది పెద్దేముల్ దగ్గర పల్లె. నేను మెకానికల్ డిప్లొమా చేసి, తాండూరులో ఒక బండల పాలిషింగ్ యూనిట్‌లో మెషీన్లు చూసుకుంటాను. నాన్న కంది వేస్తాడు. నాన్న తమ్ముడు, మా కాక, గొర్లు కాస్తాడు. రెండేళ్ళుగా కాయ పట్టే వేళకు అడవి పందులు దిగి, కంది మొక్కలను విరిచి పడుకోబెట్టి తింటున్నాయి. చీరలు కట్టాం, డబ్బాలు కొట్టాం, వెంట్రుకలు చల్లాం. చివరికి పంచాయతీ తీర్మానం చేస్తే, లైసెన్సున్న షూటర్‌తో కాల్పించుకోవడానికి అనుమతి వచ్చింది. షూటర్‌తో మాట్లాడే పని సర్పంచ్ నాకు అప్పగించాడు. చదువుకున్నవాడివి, తుపాకుల సంగతి నీకే తెలుస్తుంది అన్నాడు. నాకు తెలియదు. అందుకే పది రోజులు కూర్చుని చదివాను.

షూటర్ హైదరాబాద్ మనిషి. వికారాబాద్ దగ్గర, అనంతగిరి గుట్టల కింద ఆయనకు ఫామ్‌హౌస్ ఉంది. నేను జాబితా రాసుకుని అక్కడికి వెళ్ళాను. కాల్చే దూరం డెబ్బై మీటర్లు. పంది బరువు ఎనభై కిలోల లోపు. పందులు వచ్చేది మా చేను పడమటి గట్టు నుంచి. ఆ గట్టు వెనక పాత గని తవ్వి పోసిన బండ ముక్కల గుట్టలు. మా బండ సంగతి నాకు తెలుసు. పొర మీద పొరగా, పలకలాగా ఉంటుంది. నిటారుగా కొడితే పగులుతుంది, ఏటవాలుగా తగిలిన ఉక్కును మాత్రం జార్చి పక్కకు విసిరేస్తుంది. యూనిట్‌లో విరిగిన బ్లేడు ముక్క అట్లా ఎగిరి గోడలో దిగడం నేను కళ్ళారా చూశాను.

ఆయన పెద్ద జంతువుల కోసం చేసిన మాగ్నం రైఫిల్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. పక్కన రెండు డబ్బాలు. ఒకదాంట్లో రెండు వందల ముప్పై అయిదు గ్రెయిన్లవి, ముక్కు దగ్గర మెత్తటి సీసం బయటికి కనబడేవి. ఒంట్లో దిగగానే పుట్టగొడుగులా విచ్చుకుని, ఉన్న బలమంతా అక్కడే ఖర్చు చేస్తాయి. రెండో డబ్బాలో మూడు వందలవి, ముక్కు దాకా గట్టి లోహపు తొడుగు ఉన్నవి. అడవిదున్నలాంటి జంతువు తోలూ ఎముకా దాటి లోపలికి పోవడానికి చేసినవి. వాటికి పంది ఒక లెక్క కాదు. ఇటు దూరి అటు వెళ్ళిపోతాయి, వేగం పెద్దగా తగ్గకుండా.

తేలికది, మెత్తటి ముక్కుది వాడమని అడిగాను. కారణాలు వరుసగా చదివాను. ఆయన టీ తాగుతూ అన్నీ విన్నాడు.

"ఇంజనీర్ సాబ్, పందికి గిట్ల పరీక్ష పేపర్ రాసినోన్ని నేను ఎన్నడు సూడలే," అన్నాడు.

మెత్తటివి దొరకడం కష్టమట. చిరుతపులి మనుషుల మీద పడిందంటే పిలుపు వస్తుంది, అప్పటికి దాచుకోవాలట. పాత డబ్బాలోవి ఎట్లాగూ ఖర్చు కావాలట. పల్లెటూరి పందికి మంచి తూటా ఎందుకు అని ఆయన నోటితో అనలేదు. డబ్బా మూత మూసిన తీరులో నాకు అదే వినబడింది. నేను లేవలేదు. బండల గుట్టల సంగతి మూడోసారి చెప్పాను. చివరికి సరే, నువ్వు చెప్పిందే తెస్తా అని చెయ్యి కలిపాడు.

షూటర్ వచ్చే ముందు రోజు సాయంత్రం సర్పంచ్‌ను అడిగాను, గుట్టల వెనక ఎవరైనా ఉంటారా అని. అటు ఉన్నది సర్పంచ్ చెల్కే, వాన మీద పండే మెట్ట చేను. ఎవరూ ఉండరని తల ఊపాడు. చేను చుట్టూ ఎక్కడ ఏముందో నేను గీసుకున్న కాగితం మీద కాక మంద ఊరికి అవతల, వాగు పక్క చేలో ఉంది. అంతకు రెండు రోజుల ముందు సాయంత్రం నేనే చూసి గుర్తు పెట్టాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా దగ్గర ఎరువు కోసం చేలల్లో మంద పెట్టించుకుంటారు. రాత్రంతా గొర్లు ఆ చేలో పడుకుంటాయి, కాపరి వాటి పక్కనే. రెండు రాత్రులకోసారి చేను మారుతుంది, ఎవరు అడిగితే వాళ్ళది. ఆ సాయంత్రం మందను అడిగింది సర్పంచ్. నేను ఆయనను అడగడానికి గంట ముందే, తన చెల్కలో పెట్టమని కాకకు చెప్పాడు.

తెల్లవారింది. పలచగా మంచు. షూటర్, అటవీ శాఖ బీట్ ఆఫీసర్, నేను తూర్పు గట్టు మీద కూర్చున్నాం. గుట్టల వైపు నుంచి కంది కదిలింది. షూటర్ జేబులోంచి తూటా తీసి తుపాకీలో పెట్టాడు. నేను దాని ముక్కు చూశాను. సీసం లేదు. గుండ్రంగా, రాగి రంగులో, చివరి దాకా ఒకే తొడుగు.

"సాబ్, ఇది అది కాదు," అన్నాను.

ఆయన నా వైపు తిరగలేదు. పెదవుల మీద వేలు పెట్టాడు. పంది బయటికి వచ్చింది. నేను నోరు మూసుకున్నాను. మూడో నాలుగో సెకన్లు గడిచాయి. లేచి అరిస్తే పంది పారిపోయేది, అంతే. నేను అరవలేదు.

పేలింది. పంది నలభై అడుగులు పరిగెత్తి పడింది. అది పడేలోపే, పేలుడు వెంటే, గుట్టల మీద టంగుమని ఒక మోత. యూనిట్‌లో విన్న మోతే. ఆ తరువాత గుట్టల వెనక నుంచి కుక్కలు మొరిగాయి, గొర్లు ఒక్కసారి అరిచాయి. అక్కడ గొర్లు ఎందుకున్నాయో నా బుర్రకు అందేలోపే నా కాళ్ళు పరిగెత్తాయి.

కాక గొంగడి మీద కూర్చుని ఉన్నాడు. చెంప మీద రాతి పెచ్చు గీసిన ఎర్రటి గీత. ఆయన పక్కన, చెయ్యి చాపితే అందే దూరంలో, సూడి గొర్రె పక్కకు పడి ఉంది. కడుపులో పిల్ల ఇంకా కదులుతోంది. కాక దాని మీద చెయ్యి వేసి, కదలిక ఆగేదాకా తీయలేదు.

తూటా గొర్రె అవతల మట్టిలో దొరికింది. ఒక పక్క గీసుకుపోయింది గానీ ముక్కు చెదరలేదు. పందిని దాటింది, బండను కొట్టింది, గొర్రెను దాటింది, ఇంకా తూటాలాగే ఉంది. రుమాలులో చుట్టి బీట్ ఆఫీసర్ చేతికిచ్చాను.

షూటర్ వచ్చి చూశాడు. "మనిషికేం కాలేదు గదా, దేవునికి శుక్ర్ చెయ్యండి," అన్నాడు. తరువాత నా వైపు తిరిగి, "నక్షా గీసింది నువ్వే గద, ఇంజనీర్ సాబ్. మంద ఏడుందో నాకేం ఎరుక?"

నిజం పక్కన నిలబడి చెప్పే అబద్ధం ఇట్లాగే ఉంటుంది. నా కాగితం తప్పే. కానీ కాగితం ఎట్లా ఉన్నా తూటా పందిలో ఆగాలని కదా నేను ఆ ఫామ్‌హౌస్‌లో మూడుసార్లు చెప్పింది. నేను అరిచాను. ఏమేమి అన్నానో పూర్తిగా గుర్తు లేదు. బీట్ ఆఫీసర్ నా భుజం పట్టుకున్నది గుర్తుంది.

పందిని పూడ్చాక నివేదిక రాయాలి. సర్పంచ్ నన్ను పక్కకు తీసుకెళ్ళాడు. గొర్రె సంగతి రాస్తే అనుమతి ఆగిపోతుంది, ఊరందరి కందీ పోతుంది, మీ నాన్నది కూడా అన్నాడు. తన చెల్క పేరు ఎత్తలేదు. నేనే ఎత్తాను. మరిచిపోయానన్నాడు. ఆయన మాట అబద్ధం కాదనే ఇప్పటికీ నా నమ్మకం. కోపం ఎక్కువయింది అందుకే. ఎరువు గుర్తుంది, ఆ ఎరువు పక్కన పడుకునే మనిషి గుర్తు లేడు.

కాకను అడిగాను, రాయాలా వద్దా అని. ఆయన అప్పటికే మిగిలిన గొర్లను లెక్కపెట్టుకుంటున్నాడు.

"నీ కాయిదం మంచిగనే ఉండెరా కొడుకా. మందకు కాళ్ళుంటయి, ఆ సంగతే రాసుకోకపోతివి," అన్నాడు. తరువాత చెంప తుడుచుకుని, "రాయి. రేపు ఇంకొకడు గిట్లనే పండుకుంటడు," అన్నాడు.

సాక్షి రాయవలసిన చోట నేను నాలుగు వాక్యాలు రాశాను. తూటా మూడు వందల గ్రెయిన్లది, గట్టి తొడుగుది, వాడనని మాట ఇచ్చి వాడారు. వెనక బండల గుట్టలున్నాయని ముందే చెప్పాను. గుట్టల వెనక మంద ఉందని సర్పంచ్‌కు తెలుసు. తూటా మారిందని కాల్చక ముందే చూసి కూడా నేను ఊరుకున్నాను. సంతకం పెట్టాను. నాలుగో వాక్యం కొట్టెయ్యమని బీట్ ఆఫీసర్ మెల్లగా చెప్పాడు, నీకే మంచిదన్నాడు. కొట్టెయ్యలేదు.

అనుమతి ఆగింది. పందులు మళ్ళీ వచ్చాయి. పడమటి వైపు ఎకరం కంది పోయింది. నాన్న చాలా రోజులు నాతో మాట్లాడలేదు. సర్పంచ్ ఎదురుపడితే ఫోన్ చూసుకుంటూ వెళ్ళిపోతాడు. మిగిలిన చేనును కాపాడింది కాక. తనంతట తానే మందను మా పడమటి గట్టు మీదికి తెచ్చాడు. మూడు కుక్కలూ గట్టు మీదే పడుకున్నాయి. పంట కోసేదాకా పందులు అటు రాలేదు.

ఇప్పుడు రోజూ సాయంత్రం, నేను యూనిట్ నుంచి బయటికి వచ్చే వేళకు, కాక ఫోన్ చేస్తాడు. మంద ఈ రోజు ఎవరి చేలో పెట్టాడో చెబుతాడు.

"రాసుకున్నవా?" అంటాడు.

రాసుకుంటాను.