నీలం టబ్బులో మూడు దిమ్మలు

ఆ ఉదయం అన్నయ్య చివరగా చేసిన పని, స్నానాల గదిలోని నీలం టబ్బును నింపడం. అందులోని మూడు సిమెంటు దిమ్మలు బెత్తెడు లోతున మునిగేదాకా చెంబుతో నీళ్లు పోసి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెళ్లాడు. ఇటుకల యార్డు గేటు దగ్గరే గుండె ఆగిపోయింది.

అక్కడ అతను మిశ్రమం కలిపే మేస్త్రి. వచ్చిన ప్రతి లారీ నుంచి చిటికెడు బొగ్గు బూడిద తీసి గాజుగ్లాసు నీళ్లలో వేసేవాడు. కాలని బొగ్గు నల్లగా పైకి తేలేది. ఆ ఏడాది విద్యుత్ కేంద్రం నుంచి వచ్చిందంతా నాసిరకమే. అందరూ తిప్పి పంపిన లారీలను అన్నయ్య దింపించుకున్నాడు. జల్లెడ పట్టించి, కొంత సిమెంటు తగ్గించి, ఆ బూడిద కలిపాడు. ఆ ఇటుకలతోనే ఒక బడి గోడలు లేచాయి.

ఇరవై ఎనిమిదో రోజు పరీక్షలో, అదే మిశ్రమంతో పోసిన దిమ్మలు చాలినంత బలం చూపలేదు. ఇంజనీరు పైకప్పు పని ఆపించాడు. తొంభయ్యో రోజు కూడా ఇంతే అయితే గోడలు పడగొట్టక తప్పదన్నాడు.

మర్నాడే అన్నయ్య టబ్బు కొనుక్కొచ్చి, మూడు దిమ్మలు తెచ్చి అందులో పెట్టాడు.

"ఇవి పరీక్షవి. నీళ్లు తగ్గాయో, నా పని అయిపోయినట్టే."

"ఈ ఇంట్లో నాకంటే వీటికే స్నానాలెక్కువ," అంది వదిన.

"నువ్వు పెళ్లినాటికే గట్టిపడి వచ్చావు. పాపం, వీటికింకా టైముంది."

మేం నవ్వాం. అతను అప్పటికే వంగి, దిమ్మను వేలి కణుపుతో కొట్టి వింటున్నాడు.

"గట్టిపడకపోతే ఏంటన్నయ్యా?" అడిగాను నేను.

"బూడిద కలిస్తే నిదానమే పంతులమ్మా. గట్టిపడుతుంది," అన్నాడు గోరు కొరుకుతూ. కంచం ముందు కూర్చుని కూడా రోజులు లెక్కపెట్టేవాడు.

ఎనభై ఒకటో రోజున పోయాడు. ఇంటినిండా జనం. స్నానాల గదిలో చోటు చాలక, ఆ దిమ్మలను నేనే మేడ మీద పెట్టి టబ్బు బోర్లించాను. అవేమిటో గుర్తే రాలేదు.

తొంభయ్యో రోజు, క్యాలెండరులో అతను చుట్టిన సున్నా చూసి వదిన "దిమ్మలేవి?" అంది. పైకి పరిగెత్తాను. వారం రోజుల ఎండకు పాలిపోయి ఉన్నాయి.

గోనెసంచిలో చుట్టి ఆటోలో పరీక్షశాలకు మోసుకెళ్లాను. అతని పరువూ ఆ గోడలూ నా చేతుల మీదుగానే కూలాయనుకుంటూ, అక్కడి ఉద్యోగినికి జరిగిందంతా చెప్పాను.

"ఇవి లెక్కలోకి రావమ్మా."

"తప్పు నాది. గోడలు పడగొట్టొద్దని చెప్పండి."

"ఎవరు పడగొడతారు? పరీక్షవి మొదట్నుంచీ మా తొట్టిలోనే ఉన్నాయి. పొద్దునే విరగ్గొట్టాం. కావాల్సినదానికంటే ఎక్కువ బలమే వచ్చింది."

"మరి ఇవి?"

"కళ్ల ముందు లేకపోతే నిద్ర పట్టట్లేదని ఆయన విడిగా పోసుకున్నారు. వట్టివంటే ఇంట్లో పారేస్తారని, పరీక్షవేనని చెప్పారట."