ట్యాంకరు బోర్డుకు కప్పిన దుప్పటి

మా వీధి చివరింటి డ్రైవరు బాబాయిని అందరూ ‘నిదానం’ అనేవారు. బండి అంత మెల్లగా తోలేవాడు.

“నీ వెనక పడ్డవాడికి ఊరు చేరేసరికి గడ్డం పెరుగుతుంది బాబాయ్!” అని కుర్రాళ్లు ఏడిపిస్తే, “పెరిగితే గీసుకోవచ్చురా. నా బండి తిరగబడితే గీసుకోవడానికి మొహం మిగలదు” అనేవాడు.

ఆయనది ఆసిడ్ ట్యాంకరు. ఆ సరుకు చూడటానికి నూనెలా చిక్కగా ఉంటుంది. ఒంటిమీద పడితే తినేస్తుంది. మడుగు కట్టిన దానిమీద నీళ్లు కొడితే కుతకుతలాడుతూ ఎగిరి మీద పడుతుంది. అందుకే ట్యాంకరుకు రెండు పక్కలా, వెనకా బోర్డులుంటాయి. వాటి మీద సరుకు నంబరు, చుక్కలు పడి చెయ్యి కరిగిపోతున్న బొమ్మ. ప్రమాదం జరిగితే అగ్నిమాపక దళం వాళ్లు ముందుగా చూడాల్సింది ఆ బొమ్మనే.

దారిలో ఒక భోజన హోటలుండేది. అక్కడ చెట్టు నీడ ఒక్కచోటే, అదీ బల్లల ఎదురుగా. బాబాయి బండి పెడితే వెనక బోర్డు సరిగ్గా తినేవాళ్ల మొహానికే. ఒకరోజు ఒకాయన సగం కంచం వదిలి లేచాడు. “చేత్తో అన్నం తింటుంటే ఎదురుగా చెయ్యి తినేసే బొమ్మా? ముద్దెలా దిగుతుందమ్మా?”

హోటలు నడిపే అక్క బాబాయిని ఏమీ అనలేదు. వడ్డిస్తూ, “నీడన పెట్టుకో తమ్ముడూ, ఎండలో ఎక్కడికి పోతావు? వాళ్లు కాకపోతే ఇంకొకళ్లు తింటారు” అంది. ఆ మంచితనమే బాబాయికి గుచ్చుకుంది. మర్నాటి నుంచి బండి ఆపగానే బోర్డు మీద పాత దుప్పటి కట్టేవాడు, బయల్దేరేముందు విప్పేవాడు. అక్కకు గిరాకీ నిలబడింది. ఇందులో తప్పుందని ఎవరికీ తోచలేదు.

ఒక మధ్యాహ్నం భోజనమయ్యాక, ఒక ముసలాయన మోటారుసైకిలు మొరాయిస్తే బాబాయి కొంతదూరం తోసిపెట్టాడు. ఆయన దీవించి వెళ్లాక, ఆ సంతోషంలో బాబాయి నేరుగా సీటెక్కేశాడు. దుప్పటి అలాగే ఉండిపోయింది.

మలుపులో ఒక బస్సు అడ్డంగా దూసుకొచ్చింది. దాన్ని తప్పించబోతే ట్యాంకరు పక్కకు ఒరిగి పడింది. ఒక బోర్డు నేలకు అణిగింది, ఒకటి ఆకాశం చూసింది, మూడోది దుప్పటి కింద ఉంది. తలకు దెబ్బ తగిలి బాబాయి క్యాబిన్‌లో ఇరుక్కుపోయాడు.

అగ్నిమాపక దళం పెద్ద మొదట ఆయన దగ్గరికే వచ్చాడు. “లోపల ఏముంది బాబాయ్? ఏం సరుకు?” అని అడిగాడు. బాబాయికి నోరు పెగల్లేదు. అద్దం పగలగొట్టాల్సి వచ్చి, పెంకులు గుచ్చుకుంటాయని, మొహానికి అడ్డుండే తన హెల్మెట్ తీసి బాబాయి తలకు పెట్టాడు ఆ పుణ్యాత్ముడు. రోడ్డు మీద నూనెలా పారుతున్నది చూసి, డీజిలే అనుకుని, నిప్పంటుకోకుండా నీళ్లు కొట్టమన్నాడు.

బుస్సుమని ఆవిరి లేచింది. చిందిన ఆసిడ్ ఆయన కంట్లో పడింది. తోటివాళ్లు కంట్లో ధారగా నీళ్లు పోస్తూనే ఆసుపత్రికి తీసుకెళ్లారు. వెనకే వచ్చిన రెండో ఫైరింజనువాళ్లు బాబాయిని బయటికి తీసి, గాలి వాటం చూసుకుని, ఇసుకతో కట్ట కట్టి, సున్నం చల్లి మిగతాది అదుపు చేశారు. ఈలోగా ఆసిడ్ పడిన దుప్పటి నల్లగా మాడి, పీలికలై మడుగులో కలిసిపోయింది. ఆవిరి తగ్గేసరికి బోర్డు స్పష్టంగా కనబడుతోంది.

“ఎదురుగా బోర్డుంటే చూసుకోలేదా?” అని పైవాళ్లు దళం పెద్దను నిలదీశారు.

ఆసుపత్రిలో ఆయన భార్య రోజూ తమ క్యారియర్‌లోంచి బాబాయికీ ఇంత పెట్టేది. కట్టు కట్టిన కంటితో ఆయన, “తప్పు నాదే బాబాయ్. బోర్డు చూసిన గుర్తే లేదు. తొందరలో కళ్లు మూసుకుపోయాయేమో” అన్నాడు. నోటిదాకా వచ్చిన మాటను బాబాయి ముద్దతోపాటు మింగేశాడు. అక్క మీదకు మాట వస్తుందన్నది సాకు, లైసెన్సు పోతుందన్నది భయం. దేవుడి ముందు చేతులు జోడించినా పెదవి కదిలేది కాదట.

ఎండలు పోయి వానలొచ్చాయి. ఆ కంటికి చూపు రాలేదు. దళం పెద్దను ఇక బండెక్కనివ్వకుండా ఫోన్ల గదిలో కూర్చోబెట్టారని విన్నాక బాబాయి ఉండలేకపోయాడు. వాళ్లింటికి వెళ్లి, గుమ్మంలో నిలబడే అంతా చెప్పేశాడు.

మంచినీళ్లు తెస్తున్న ఆ ఇల్లాలు మధ్యలోనే ఆగిపోయింది.

దళం పెద్ద, “కన్ను నీ మాటతో వచ్చేది కాదులే. కానీ నా మీద నాకు నమ్మకం పోయింది బాబాయ్. అది నిలిచేది. ఆసుపత్రిలోనే చెప్పుంటే నిలిచేది” అన్నాడు.

“కాళ్లు పట్టుకుంటాను నాయనా.”

“నా కాళ్లెందుకు? మా ఫైర్ స్టేషనుకెళ్లు. ఆ రోజు నీళ్ల గొట్టం పట్టినవాడు, నా కన్ను తనే తీశానని కుమిలిపోతున్నాడు. వాడికి చెప్పు.”

గొట్టం పట్టినవాడు ఒకడుంటాడని అన్నాళ్లలో ఒక్కసారీ బాబాయికి తట్టలేదు. అట్నుంచి అటే స్టేషనుకు నడిచాడు. అతను బండి కడుగుతున్నాడు. చెప్పింది తల వంచుకుని విన్నాడు. తడి నేల మీదే కూర్చుని, చేతుల్లో మొహం పెట్టుకుని భోరుమన్నాడు.

ఓదార్చే అర్హత తనకు లేదని బాబాయికి తెలుసు. అయినా వదిలి రాలేక, ఆ ఏడుపు ఆగేదాకా కాస్త దూరంలో నిలబడే ఉన్నాడు.