అవనిగడ్డ బస్సులో తువ్వాళ్లు

ఆ రోజుల్లో నా అంత మర్యాదస్తుడు ఈ భూమ్మీద లేడని నా నమ్మకం. ఎక్కడో ఉత్తరాదిన ఫ్యాక్టరీ కాలనీలో పుట్టి పెరిగాను మరి. అక్కడ కంపెనీ బస్సుకి కూడా వరసలో నిలబడేవాళ్లం, పెన్ను దొరికినా ఆఫీసులో ఇచ్చేసేవాళ్లం. తెలుగంటారా, అమ్మతో మాట్లాడే తెలుగే. (అందుకే ఎంత పెద్దవాళ్లనైనా ‘నువ్వు’ అనేసేవాణ్ణి.) ఇంత సరంజామాతో తొంభైల్లో బందరులో గది తీసుకుని, చల్లపల్లిలో ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారుగా చేరాను. నెల రోజులు చూసి ఉంచాలో పంపాలో చెప్తామన్నారు హెడ్మాస్టరు గారు. బెల్లు కొట్టాక వస్తే మాత్రం ఇక చూడక్కర్లేదన్నారు.

మొదటి రోజు పొద్దున్నే బందరు బస్టాండుకి వెళ్లాను. అవనిగడ్డ బస్సు ఆగి ఉంది, జనమంతా తాపీగా టీ తాగుతున్నారు. ఎక్కి చూద్దును కదా, బస్సులో ఒక్కరూ లేరు గానీ ప్రతి సీటు మీదా ఏదో ఒకటి ఉంది. రుమాళ్లు, తువ్వాళ్లు, ఓ గొడుగు. పాపం, ఇంతమంది మతిమరుపు వాళ్లేమిటనుకుని అన్నీ ఏరి, శుభ్రంగా మడతపెట్టి, డ్రైవరు గారి సీట్లో పెట్టొచ్చాను. తర్వాత కిటికీ పక్కన హాయిగా కూర్చున్నాను.

టీలు ముగించి జనం ఎక్కారు. ఇక చూడండి, ఎవరి సీటు ఎవరిదో తెలీక ఒకటే గోల. చల్లపల్లిలో ధాన్యం వ్యాపారం చేసే ఒకాయన, మా నాన్న వయసు, నా దగ్గరికొచ్చి “ఇక్కడ నా తువ్వాలుండాలే?” అన్నారు. “నీదా? డ్రైవరు దగ్గరుంది, రంగు చెప్పి తీసుకో” అన్నాను నేను, ఎంతో సాయం చేసినట్టు.

ఆ మర్నాటి నుంచి బస్సులో నా మొహం చూసినవాడు లేడు. నాకూ రోషమొచ్చి నోరు విప్పలేదు. మెట్టు మీద వేలాడుతూ వెళ్లేవాణ్ణి. ఒక రోజు అదీ దొరక్క బెల్లయ్యాక చేరితే, ఇంకోసారి ఇలా అయితే రావద్దన్నారు హెడ్మాస్టరు గారు. ఆ సాయంత్రమే అమ్మకి ఎస్టీడీ చేసి ఆదివారం రైలుకి వచ్చేస్తున్నానన్నాను.

మర్నాడు, శనివారం, ఆ వ్యాపారి గారే నన్ను కదిపారు. “ఏమయ్యా మాస్టారూ, మా తువ్వాళ్లు నిన్నేం చేశాయి?” అని. అంతే, కడుపులో ఉన్నదంతా కక్కేశాను. మా కాలనీ, మా వరస, దొరికిన వస్తువు అప్పగించడం, అన్నీ. బస్సంతా పగలబడి నవ్వింది. ఆయన మాత్రం నెమ్మదిగా చెప్పారు. “నాతో వచ్చే మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు. తోపులాటలో ఎక్కడం ఆవిడ వల్ల కాదు. ముందు తువ్వాలేస్తే గాని ఆవిడకి సీటుండదయ్యా. నువ్వు పొగరుతో తీశావనుకున్నాం. అడగాల్సింది.” “మీరూ అడగాల్సిందండీ” అన్నాను. “అవును, మేమూ అడగలేదు” అన్నారాయన, పక్కకి జరిగి చోటిస్తూ. చల్లపల్లి దాకా అందరూ నన్నే ప్రశ్నలడిగారు. పెళ్లెప్పుడని కూడా అడిగారు.

సాయంత్రం మళ్లీ అమ్మకి ఫోన్ చేశాను. “రావట్లేదమ్మా. సోమవారం నాకు సీటు ఆపుతామన్నారు, వెళ్లకపోతే బాగోదు.”

“ఎవరురా వాళ్లు?”

“పేర్లు తెలీదమ్మా. రోజూ నాతో వస్తారు.”

పేర్లైనా తెలీని వాళ్లు ఎదురు చూస్తారని రైలు మానుకున్నాడు ఆనాటి నాలోని కుర్రాడు. వాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది.