వద్దన్న మస్తాన్

ఎనభైల మొదట్లో నాకు వీరులపాడులో వ్యవసాయం, చేతిలో లైసెన్సు పిస్టల్ ఉండేవి. ట్రిగ్గర్ గట్టిగా ఉందని జగ్గయ్యపేటలో లేత్ మెకానిక్ మస్తాన్ వెంటపడ్డాను.

"వద్దండి, గట్టిగా ఉంటేనే మంచిది" అన్నాడు.

వినకుండా మెత్తగా చేయించుకున్నాను.

ఎన్నికలొచ్చాయి. ఆయుధాలు నందిగామ స్టేషన్లో అప్పగించాలి. ట్రిగ్గర్ మార్చిన సంగతి పోలీసులు పసిగడతారన్న భయంతో, మళ్లీ బిగించమని మస్తాన్ దగ్గరికే వెళ్లాను. తూటాలుండే మ్యాగజైన్ తీసేశాను కాబట్టి ఖాళీ అనుకున్నాను. లోపల తూటా మిగిలినా పైకి తెలియని రకం అది. అందిస్తుంటే నా వేలు తగిలి పేలింది. మస్తాన్ కుడి అరచేయి చితికిపోయింది.

ఆసుపత్రిలో పోలీసులు వాంగ్మూలం రాసుకుంటున్నారు.

"మెత్తగా చేసింది నేనేనండి" అన్నాడు మస్తాన్.

వద్దన్నదీ అతనేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ చెయ్యి మళ్లీ లేత్ పట్టలేదు.