దయమ్మక్క ఆపించిన బియ్యం

కుట్టుమిషన్‌కు నూనె వేసినప్పుడల్లా ఆ వాసనకు ఇప్పటికీ నాకు ఆకలి రోజులే గుర్తొస్తాయి. మిషన్ నాకు అన్నం పెట్టింది, నిజమే. కానీ అది వస్తోందన్న రోజునే నాకు పోసే బియ్యం ఆగిపోయాయి. ఆపించింది దయమ్మక్క.

ఆమె మా చర్చి బైబులమ్మ. మడకశిర చుట్టుపక్కల పల్లెలన్నీ కాలినడకన తిరిగి వాక్యం చెప్పేది. నోరు మాత్రం మహా పెళుసు. ఎనభైల మొదటి కరువు రోజులవి. వేరుశనగ ఎండిపోయి అమ్మకు కూలి దొరకడమే గగనమైంది. పోలియోతో నా కాళ్ళు చిన్నప్పుడే చచ్చుబడ్డాయి, చేతులు నేలకానించి జరిగేదాన్ని. మా సంఘంలో ప్రతి ఇల్లాలూ ఎసట్లో పోసేముందు గుప్పెడు బియ్యం పక్కన తీసి, ఆదివారం చర్చి గంపలో పోసేది. నాలాంటి ఆడవాళ్ళం చెప్పులు విడిచే చోట కూర్చుని, ఆరాధన అయ్యాక ఆ బియ్యానికి కొంగు పట్టేవాళ్ళం.

ఒక ఆదివారం నా కొంగులో ఏమీ పడలేదు. "నీకు ఇంక బియ్యం లేవు. మిషన్ వస్తాండాది, నేర్చుకో" అంది దయమ్మక్క.

అమ్మ మండిపడింది. "ఏమక్కా, కరువులో బిడ్డ కడుపు కొడతాండావా?"

"కొడతాండా. కాళ్ళు లేవని అందరూ బియ్యం పోస్తాండారు. చేతులుండాయని ఒకరన్నా చూసినారా?"

తీరా వచ్చింది కాళ్ళతో తొక్కే మిషన్! నడవలేని ఆడవాళ్ళ కోసమని పట్నం సంఘపెద్దలు ప్రార్థన చేసి మరీ పంపారు. నాకు ఏడుపు ఆగలేదు. దయమ్మక్క పెద్దల్ని నాలుగు తిట్టి, మిషన్ తలకాయ ఊడదీయించి, సైకిల్ షాపులో చేతిపిడి బిగించుకొచ్చింది. కుడిచేత్తో తిప్పాలి, ఎడమచేత్తో గుడ్డ నడపాలి. కుట్టు వంకర పోయేది, దారం తెగేది. ఇంట్లో రాగి అంబలి నానాటికీ పలచబడుతోంది. నాకు ఇది రాకపోతే అమ్మా నేనూ ఏం కావాలి? ఆ భయానికి కుట్టిందే విప్పి మళ్ళీ కుట్టేదాన్ని.

మొదటి రవికె దయమ్మక్కదే. ఒక చేయి పొట్టి. అదే తొడుక్కుని చర్చికి వచ్చింది. నా ప్రాణం చచ్చిపోయింది.

"ఎవురు కుట్టినారక్కా?" ఎవరో నవ్వారు.

"మన పిల్లే. మీది ఇంతకన్నా బాగా కుడతాది, గుడ్డ తెచ్చియ్యండి."

నవ్విన మనిషే ముందు తెచ్చింది. మెల్లగా పని కుదిరింది.

చాలా ఏళ్ళకు, మంచాన పడ్డ దయమ్మక్కను అడిగాను. "అప్పుడు నాకు కుట్టు రాకపోయింటే ఏం చేసేదానివక్కా?"

"నాకేం తెలుసే? నువ్వు యాడ పస్తుంటావో అని నాకు ముద్ద దిగల్యా."

ఆ రోజుల్లో ఆమె చిక్కిపోతుంటే ఉపవాస ప్రార్థన అనుకున్నాం అందరం.

ఇప్పుడు చర్చిలో కుట్టు నేర్పేది నేనే. నిన్న, గంప దగ్గర కొంగు పట్టే ఒక అమ్మాయితో, "వచ్చే వారం నుంచి నీకు బియ్యం లేవు" అన్నాను. ఆమె తల్లి నన్ను శపిస్తూ వెళ్ళింది. రాత్రి కంచం ముందు కూర్చున్నాను గానీ, తినలేకపోయాను.