రొమ్ముగడ్డ లేచిన ఎండాకాలం

నిజాం మీదికి మిలిట్రీ వచ్చిన ఏడు చలికాలంలో, కోదాడ పక్క మా పుట్టింట్లో నాకు తొలి కాన్పు అయింది. ఆడపిల్ల. ఎండలు ముదిరేనాటికి పిల్లను తీసుకొని నేరేడుచర్ల దగ్గరి అత్తగారింటికి వచ్చేశాను. మాది గొర్ల ఇల్లు. మేత దొరక్క నా భర్త మందను తోలుకొని కృష్ణ ఒడ్డుకు వెళ్లాడు. ఇంట్లో మిగిలింది నేను, అత్తమ్మ, చంటిది.

అత్తమ్మ మాట తక్కువ మనిషి. నవ్వగా నేను చూడలేదు. ఏదైనా కావాలంటే కూడా అడగలేక గింజుకునేదాన్ని. అందుకే ఎడమ చనుమొన చీలి, పిల్ల నోరు పెట్టినప్పుడల్లా ప్రాణం పోయినట్టవుతున్నా ఆమెకు చెప్పలేదు. ఆ పక్క ఇవ్వడం మానేశాను. పాలు గడ్డకట్టి రొమ్ము రాయిలా అయింది. ఎర్రగా కమిలి, చెయ్యి పెడితే కాలేది. ఒకరోజు పొయ్యి ముందు కూర్చున్నా చలి ఆగలేదు. పళ్లు టకటకా కొట్టుకుంటుంటే అత్తమ్మ వచ్చి నుదురు పట్టుకు చూసింది.

"ఒళ్లు పెనం లెక్క కాలుతున్నది. ఏమైందే పిల్లా?"

కొంగు తీసి చూపించాను.

"ఎన్నొద్దుల సంది?"

"నాలుగైదు రోజులైందత్తమ్మా. చెప్పడానికి సిగ్గేసింది."

"సిగ్గుపడితె పానం నిలుస్తదా?" అని మాత్రం అంది. ఉల్లిగడ్డ కాల్చి, నూరి, వెచ్చగా కట్టు కట్టింది. దిష్టి కూడా తీసింది. తెల్లారేసరికి నొప్పి చంకలోకి పాకింది. కుడి పక్క కూడా పాలు సన్నగిల్లాయి. పిల్ల ఆకలికి ఏడ్చి ఏడ్చి, చివరికి ఏడవడం కూడా మానేసి నోరు మాత్రం తెరుస్తూ మూస్తూ ఉండిపోయింది.

వాడలో ముసలమ్మలు చూడ్డానికి వచ్చారు. "మంగలిని పిలువు. కత్తితోని గాటు పెడితె సీమంతా కారిపోతది," అన్నదొకామె. మిగతావాళ్లు అవునన్నారు. నేను కొంగుతో రొమ్ము కప్పుకున్నాను. అత్తమ్మ అందరినీ పంపించి తలుపు దగ్గరికి వేసింది. నా పక్కన కూర్చొని తన కొంగు పక్కకు జరిపింది. ఆమె రొమ్ము మీద చర్మం ముడుచుకుపోయి లోతుగా గుంట పడి ఉంది.

"నాకు గీ కత్తే పెట్టిండ్రు. మంచంల పడి పడి లేసిన. పాలు లేక పిల్లగాడు సచ్చిపోయిండు. నీ పెనిమిటి కన్న పెద్దోడు వాడు." కొంగు సర్దుకుంది. "పాలిచ్చేటామె ఊర్లనే ఉండె. ఆమె కులం మా అత్తకు నచ్చలే. వద్దన్నది."

నా భర్తకు ముందు ఒక పిల్లాడు పుట్టాడన్న సంగతి కూడా అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు.

అత్తమ్మ లేచి బయటికి వెళ్లింది. కాసేపటికి ఒక కూలి మనిషిని వెంటబెట్టుకొని వచ్చింది. ఊరి చివర కిరస్తానీ ఇళ్లలో ఉంటుంది, మాకు కల్లం పనులకు వచ్చేది. చంకలో ఆమె కొడుకు ఉన్నాడు. ఎప్పటిలాగే వాకిట్లో ఆగిపోయింది.

"లోపలికి రా," అంది అత్తమ్మ.

"అవ్వా, ఊరోళ్లు సూస్తే?"

"సూడనీ. పొల్ల ఒళ్లు సల్లబడుతున్నది, రా."

ఆమె గడప దాటి గోడ పక్కన కూర్చుంది. కొడుకును నేల మీద దించి నా పిల్లను ఒళ్లోకి తీసుకుంది. పిల్లకు మొదట చప్పరించే ఓపిక కూడా లేదు. ఆమె రెండు చుక్కలు పిండి పెదాలకు అంటించింది, బుగ్గ మీద వేలితో తట్టింది. కాసేపటికి గుటక వేసిన చప్పుడు వినిపించింది. నేను గోడకు తిరిగి ఏడ్చాను.

ఆ రోజే పక్కింటి రైతు బండి కట్టాడు. మిర్యాలగూడ దవాఖానకు ప్రయాణం. అత్తమ్మ ఆ కూలి మనిషిని కూడా బండెక్కమంది. దారి పొడుగునా ఇద్దరు పిల్లలకూ ఆమే పాలిచ్చింది. బండి గుంటలో పడ్డప్పుడల్లా నేను అరుస్తుంటే అత్తమ్మ నా తల తన తొడ మీద పెట్టుకొని రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

దవాఖానలో డాక్టరు పట్నం మనిషి. చూడగానే ముఖం గంభీరంగా పెట్టాడు.

"లోపలంతా చీము పట్టింది. కొయ్యాలె. ఘబరాయించకమ్మా, మత్తు ఇస్తం."

"కోస్తె బతుకుతదా సారూ?" అత్తమ్మ ఆయనకు అడ్డం వచ్చి అడిగింది.

"చీము తీస్తె గడ్డ దిగుతది. రగతంల విషం పాకకుండ కొత్త సూది ఉన్నది, పెన్సిలిన్ అంటరు. గీడ ఖతమైంది. సూర్యాపేట నుంచి బస్సుల తెప్పిస్త."

ముక్కు దగ్గర గుడ్డ పెట్టారు. ఘాటైన తీపి వాసన. మెలకువ వచ్చేసరికి కట్టు ఉంది, ఒళ్లు ఇంకా కాలుతూనే ఉంది. బస్సు రావాల్సిన వేళకు రాలేదు. అత్తమ్మ దవాఖాన గేటు దగ్గరికి వెళ్లడం, రావడం, మళ్లీ వెళ్లడం. చివరికి పొద్దు వాలుతుండగా మందు పెట్టెను బస్సు మనిషి చేతి నుంచి తనే అందుకొని, గుడ్డలో చుట్టి, గుండెకు ఆనించుకొని తెచ్చింది.

ఆ సూదులు కొన్ని గంటలకోసారి, రాత్రీ పగలూ పొడుస్తూనే ఉన్నారు. పిర్రలు పుండయ్యాయి. రోజూ నర్సమ్మ గాయంలోంచి గుడ్డ వత్తి లాగి కొత్తది కుక్కేటప్పుడు అత్తమ్మ చెయ్యి నలిగేలా పట్టుకునేదాన్ని. ఆమె చెయ్యి తీసేది కాదు. అన్నాళ్లూ ఆ కూలి మనిషి దవాఖాన చెట్టు కిందే ఉండి పిల్లకు పాలిచ్చింది. మెల్లగా జ్వరం విడిచింది. ఒకరోజు నాకు ఆకలి వేసి జొన్న గట్క అడిగితే అత్తమ్మ చప్పున లేచి బయటికి పోయింది. కొంగుతో కళ్లు తుడుచుకోవడం కిటికీలోంచి కనిపించింది.

ఇంటికి వచ్చాక నా కుడి పక్క పాలు తిరిగి పడ్డాయి కానీ పిల్లకు సరిపోయేవి కావు. వానలు పడేదాకా ఆ మనిషి మధ్యాహ్నం పని నుంచి వచ్చి పాలిచ్చి వెళ్లేది. ఆమెను నేను అక్కా అని పిలవడం మొదలుపెట్టాను. మొదట్లో అటూ ఇటూ చూసుకొని పలికేది.

మంద తిరిగొచ్చాక కులపోళ్లు వచ్చి పంచాయితీ పెట్టారు. పిల్ల ఎవరి పాలు తాగిందో తెలుసా అని నా భర్తను నిలదీశారు. ఆయన తల వంచుకున్నాడు. అత్తమ్మ లోపలి నుంచి వచ్చింది.

"వాన్నేం అడుగుతరు? పిలిసింది నేను. పిల్ల బతికున్నది, సూసిపోండ్రి."

వాళ్లు కాసేపు గొణిగి లేచిపోయారు. పండుగలకు కొన్నాళ్లు మమ్మల్ని పిలవలేదు. అత్తమ్మ దాన్ని లెక్కచేయలేదు. పంచాయితీ అయిన సాయంత్రం గొర్లను దొడ్లోకి తోలుతూ నా భర్త మెల్లగా అడిగాడు, తనకొక అన్న ఉండేవాడట, అమ్మ నీకు చెప్పిందా అని. చెప్పిందన్నాను. "నాకు ఇయ్యాల్నే చెప్పింది," అన్నాడు.