పెద్దమ్మ పట్టిన నీడ

తాండూరు బజారులో మా పెద్దమ్మతో ఎండలో నడవాలంటే నాకు సిగ్గుగా ఉండేది. పక్కన ఏ పిల్ల ఉన్నా కొంగు చాచి నెత్తిమీద పందిరిలా పట్టేది. తన నెత్తి మాత్రం ఎండకే.

"నాకు పదేండ్లొచ్చినయ్, తియ్యి పెద్దమ్మా."

"జర ఊకో బిడ్డా, నడువు."

కారణం మా అమ్మ చెప్పింది. నేను పుట్టకముందు, నిజాం పాలన పోయిన మరుసటి ఏడు, పెద్దమ్మ ఒక్కగానొక్క కూతురికి ముక్కు మీదుగా రెండు చెంపలకూ సీతాకోకచిలుక రెక్కల్లా ఎర్రటి మచ్చ లేచింది. తామర అనుకుంది పెద్దమ్మ. రోజూ పొద్దున వేపాకు, పసుపు నూరి రాసి వాకిట్లో నాపరాతి మీద కూర్చోబెట్టేది.

"మండుతుందే అమ్మా, నీడకు పోతనే" అని పిల్ల ఏడ్చేది.

"మందు ఎండాలె, కూసో" అని పెద్దమ్మ భుజాలు పట్టి ఆపేది.

మచ్చ ముదిరింది. జ్వరం పట్టుకుంది, కాళ్ళు ఉబ్బాయి. అప్పుడు రైల్లో వికారాబాద్ తీసుకెళ్ళారు. "ఇది తోలు జబ్బు గాదమ్మా, లోపలిది. ఎండ తగిల్తె ఇంక పెరుగుతది. మూత్రపిండాలు గూడ చెడినయ్" అన్నాడు డాక్టరు.

తిరిగొచ్చి స్టేషన్ నుంచి ఇంటిదాకా పెద్దమ్మ పిల్ల నెత్తిమీద కొంగు పట్టి నడిపించింది.

"ఇప్పుడు మంట లేదే అమ్మా" అందట పిల్ల.

ఆ వానాకాలం దాటకుండానే పోయింది.

ఇది విన్న మరునాడు బజారులో పెద్దమ్మ కొంగు చాచితే నేను తియ్యమనలేదు. ఆమెకూ కాస్త నీడ అందాలని దగ్గరికి జరిగాను. ఆమె కొంగు మొత్తం నా వైపుకే లాగింది.